సెకనుకు యాభై బొమ్మలు

మొన్న మార్కాపురంలో రక్తపరీక్షకు వెళ్లాను. నర్సు దూదిని స్పిరిట్‌లో ముంచి నా మోచేతి మడతలో రుద్దింది. చల్లదనం కన్నా ముందు ఆ వాసన తగిలింది. సూది గుచ్చుతున్న సంగతి కూడా మరిచిపోయాను. గిద్దలూరులో, స్టేషన్ రోడ్డు మీద, మస్తానన్న దుకాణంలో ఉన్నట్టే అనిపించింది. ఆయన పాత వీసీఆర్ మూత తీసి, చూపుడువేలికి మెత్తటి గుడ్డ చుట్టుకుని, స్పిరిట్‌లో తడిపి, లోపల టేపును చదివే హెడ్డును తుడుస్తున్నాడు. నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, ఊపిరి బిగబట్టి. "చిన్నపిల్లోడి చెవి కడిగినట్టు కడగాల" అనేవాడు. దూది నొక్కి పట్టుకొమ్మని నర్సు రెండోసారి చెప్పాకగానీ నేను ఈ లోకంలోకి రాలేదు.

మస్తానన్న పెళ్లిళ్ల వీడియోలు తీసేవాడు. లావుపాటి మనిషి, గట్టి గొంతు. గిద్దలూరు చుట్టుపక్కల ఊళ్లలో ఏ ఇంటికి వెళ్లినా ఆయన్ను ఏదో ఒక వరస పెట్టి పిలిచేవాళ్లు. తన పనితనం మీద ఆయనకు గర్వం ఎక్కువ. వధూవరుల ముఖాల చుట్టూ గులాబీలు తిరిగే ఎఫెక్టు ఈ ప్రాంతంలో మొదట పెట్టింది తానేనని చెప్పుకునేవాడు. నిజమో కాదో నాకు తెలియదు. నేను డిగ్రీలో కంప్యూటర్లు చదివి, హైదరాబాదులో ఒక ఛానల్‌లో ఎడిటింగ్ చేసి, అక్కడివాళ్లతో పొసగక, ముప్పై దాటాక తిరిగొచ్చి ఆయన దగ్గర చేరాను. పొసగకపోవడానికి కారణం వాళ్లేనని అప్పట్లో అందరికీ చెప్పేవాణ్ని. రోజూ మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కి గిద్దలూరు వెళ్లడం, సాయంత్రం తిరిగి రావడం. రైల్లో కూడా ఎవరితోనూ మాట్లాడేవాణ్ని కాదు.

మస్తానన్నకు ఒక పద్ధతి ఉండేది. పూర్తయిన వీడియోను ఇచ్చేముందు ఆ ఇంటివాళ్లను దుకాణానికి పిలిచి, కూర్చోబెట్టి, మొత్తం చూపించేవాడు. అంతవరకు వింతేమీ లేదు. కానీ తన కుర్చీని మాత్రం టీవీకి వీపు పెట్టి వేసుకునేవాడు. తెర చూసేవాడు కాదు, చూస్తున్నవాళ్ల ముఖాలు చూసేవాడు. ఎక్కడ ఎవరి మెడ ముందుకు సాగింది, ఎక్కడ చూపు టీ గ్లాసు మీదికి పోయింది, ఎవరు ఎవరి కోసం వెతుక్కుంటున్నారు అని గమనిస్తూ ఉండేవాడు. వాళ్లు వెళ్లాక నా దగ్గరకొచ్చి, "తలంబ్రాల కాడ ఏందో కత్తిరించినావు. మేనత్త మొహం వాడిపోయినాది. అది మళ్లా పెట్టు" అనేవాడు.

నాకు ఇది శుద్ధ దండగ అనిపించేది. ఒకసారి అడిగేశాను. "గంటల తరబడి వీడియో ఇది. వాళ్లింట్లో వాళ్లు చూసుకోరా అన్నా?"

"వాళ్లింట్లో చూస్తే వాళ్ల మొహాలు నాకెట్ల కనపడతాయి?" అన్నాడు.

అప్పుడే చెప్పాడు. పని మొదలుపెట్టిన కొత్తలో బేస్తవారిపేట దగ్గర ఒక పెళ్లి తీశాడట. క్యాసెట్ ఇవ్వడానికి వాళ్లింటికే వెళ్లాడు. "అందరూ కూర్చోని చూస్తన్నారు. పెళ్లికూతురు వాళ్లమ్మ గడప కాడ నిలబడి చూస్తాంది. కూర్చోమంటే కూర్చోలే. అంతా అయిపోయినాక, 'బాగా తీసినావు నాయనా' అని లోపలికి పోయినాది. అప్పుడు తెలిసొచ్చినాది నాకు. పెళ్లంతా తీసినా గానీ ఆమెను యాడా తీయలే. వంటల కాడనే ఉండిపోయినాది ఆ తల్లి."

"ఆమె ఏమైనా అన్నదా?"

"అని ఉంటే బాగుండు. అనలే గదా, అందుకే ఇన్నేళ్లయినా నన్ను ఇడవలే."

నేను తల ఊపి మళ్లీ పనిలో పడ్డాను. కథ బాగుందనుకున్నాను, అంతే. అది నాకు చెబుతున్న మాట అనుకోలేదు.

నా నమ్మకమంతా కంప్యూటర్ మీద. అందులోనూ ఒక పనిముట్టు మీద. దానికి బటన్లుండవు, రంగులుండవు. నల్లటి కిటికీలో తెల్లటి అక్షరాలతో ఒక వరుస టైపు చేసి ఎంటర్ కొడితే చెప్పిన పని చేసుకుపోతుంది. మస్తానన్న దానికి నల్లపలక అని పేరు పెట్టాడు. "మార్కాపురపోడివి గదా, యాడికి పోయినా పలక ఇడవ్వు నువ్వు" అని ఎగతాళి చేసేవాడు. పలకలకు పేరుపడ్డ మా ఊరి మీద జోకు వేయని మనిషి గిద్దలూరులో నాకు తగల్లేదు.

ఆ పలక మీద నేను ఎక్కువగా చేసే పని ఒకటే. వీడియో అంటే వరుసగా మారిపోయే బొమ్మలు. మన పాత క్యాసెట్లలో సెకనుకు ఇరవై అయిదు బొమ్మలు ఉంటాయి. ఇప్పటి ఫోన్లు ముప్పై తీస్తాయి, కొన్ని అరవై తీస్తాయి. ఒకే పెళ్లిని కెమెరా ఒక లెక్కన, పెళ్లికొడుకు స్నేహితుల ఫోన్లు ఇంకో లెక్కన తీస్తే, రెండూ కలిపినచోట నడకలు తడబడతాయి. మంత్రం ఒకచోట, పంతులుగారి నోరు ఒకచోట పడతాయి. ఆ లెక్కలన్నీ ఒకటి చేయాలి. అందులో ఒక ఆదేశం ఉంది. రెండు బొమ్మల మధ్య లేని బొమ్మను తనే ఊహించి గీసి ఇరికిస్తుంది. ఇరవై అయిదు కాస్తా అరవై అవుతాయి. కదలిక నూనె రాసినట్టు జారుతుంది. పాత క్యాసెట్లను అలా మార్చి ఇస్తే జనం నోరు తెరిచి చూసేవాళ్లు. నాకు అది ఎంత నచ్చిందంటే, పాత టేపు ఏది వచ్చినా దానంతట అదే అలా మారిపోయేలా ఆదేశాలన్నీ ఒకచోట రాసి పెట్టుకున్నాను.

మస్తానన్న ఒకసారి నా వెనక నిలబడి చూశాడు.

"మధ్యలో ఈ బొమ్మలు ఎవురు తీసినారు?"

"ఎవరూ తీయలేదన్నా. కంప్యూటర్ గీసింది."

"అంటే ఆ పొద్దు జరగనియి?"

"కంటికి తెలియదులే అన్నా."

"నా కంటికి తెలియదు. సరే" అని, తన కుర్చీ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన ముసలివాడైపోతున్నాడని నేను జాలిపడ్డాను. ఇంకో అలవాటు కూడా ఉండేది నాకు. పని అయిపోగానే, టేపు నుంచి మొదట ఎక్కించుకున్న పెద్ద ఫైల్‌ను చెరిపేసేవాణ్ని. నిండిన డిస్కు చూస్తే నాకు చిరాకు.

వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున కాశమ్మ వచ్చింది. మస్తానన్న త్రిపురాంతకం గుళ్లో పెళ్లికి కెమెరా పట్టుకుని వెళ్లాడు. దుకాణంలో నేనొక్కణ్నే. ముప్పై ఏళ్లుంటాయేమో ఆమెకు. కొమరోలు దగ్గరి పల్లె నుంచి బస్సులో వచ్చింది. తువ్వాలులో చుట్టిన క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టి, "ఇది ఫోన్లోకి ఎక్కియ్యాలన్నా" అంది. మాట స్పష్టంగానే ఉంది, కానీ గొంతులో ఎత్తుపల్లాలు లేవు. నేను తెర మీది నుంచి చూపు తిప్పకుండానే ఎవరి పెళ్లి అని అడిగాను. జవాబు లేదు. మళ్లీ అడిగాను. ఆమె బల్ల చుట్టూ తిరిగి నా ఎదుటికి వచ్చి నిలబడింది.

"నాకు వినపడదన్నా. మొహం ఇటు పెట్టి చెప్తే తెలుస్తాది."

చిన్నప్పుడు పెద్ద జ్వరం వచ్చి వినికిడి పోయిందట. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట తెలుసుకుంటుంది. క్యాసెట్ వాళ్ల చిన్నాయన పెళ్లిది. అందులో వాళ్ల నాయన ఉన్నాడు. జీవాలు మేపుకునే మనిషి. కిందటి ఏడు పోయాడు. ఫోటోలు ఉన్నాయి గానీ, కదులుతూ ఉన్నది ఇదొక్కటే. ట్రంకుపెట్టె అడుగున పడి టేపు అంచు నలిగింది. ఆ రకం టేపులో శబ్దం ఉండేది అంచులోనే. పెట్టి చూసి, "బొమ్మ వస్తుంది, శబ్దం రాదు" అని చెప్పాను.

ఆమె నవ్వింది. "శబ్దం నాకెందుకన్నా?"

నేనూ నవ్వాను. ఆ జవాబుకు అర్థమేమిటో, ఆమె ఆ క్యాసెట్‌లో దేని కోసం వచ్చిందో ఒక్క నిమిషం ఆలోచించలేదు. ఎప్పటిలాగే టేపును ఎక్కించాను, పలక మీద ఎప్పటి వరుసే కొట్టాను, కూర్చోబెట్టి చూపించకుండా ఆమె ఫోన్లో వేసి పంపించాను. ఎప్పటిలాగే పెద్ద ఫైల్‌ను చెరిపేశాను.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. ఆ రోజు మస్తానన్న ఉన్నాడు. క్యాసెట్ మీద చీటీ చూసి, "ఇది నా రాత. నేను తీసిందే ఇది" అని సంబరపడిపోయాడు. ఆమె ఆయన్ను మామా అని పిలిచింది. "బొమ్మ శానా బాగుంది మామా. మా నాయన మాట్లాడతన్నాడు గానీ మాట తెలియట్లే. నోరు మెదుల్తాది, అందులో మాట లేదు."

పాత టేపు అట్లాగే ఉంటుందనీ, ఇంతకన్నా బాగా ఎవరూ చేయలేరనీ నేను తెరవైపు చూస్తూ చెప్పుకుపోతున్నాను.

"ప్రసాదూ" అన్నాడు మస్తానన్న. "ఆమెకు చెప్తన్నావా, కంప్యూటర్‌కు చెప్తన్నావా?"

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, నేను చేసిన వీడియో పెట్టమన్నాడు. తను ఎప్పటిలా వీపు తిప్పి కూర్చున్నాడు. భోజనాల పంక్తి వచ్చింది. షామియానా కింద మగవాళ్లు, అందరికీ మీసాలు. ఒక్క మనిషికి లేదు. "మీసం లేనాయనే మా నాయన" అంది ఆమె.

"మీ ఊర్లో మీసం లేని మొగోడు ఆయనొక్కడే. నాకు బాగా గుర్తు" అన్నాడు మస్తానన్న.

"మొక్కు మామా. నాకు జరం వచ్చినప్పుడు మొక్కుకున్నాడంట. మా యమ్మ చెప్పినాది."

ఆమె చూస్తోంది. తండ్రి పెదవులతో పాటు ఆమె పెదవులూ చిన్నగా కదులుతున్నాయి. కదిలి ఆగిపోతున్నాయి, మళ్లీ అందుకోబోయి మళ్లీ ఆగిపోతున్నాయి. చీకట్లో మెట్లు దిగే మనిషికి కాలికింద మెట్టు తగలనట్టు. దుకాణంలో అన్నాళ్లుగా పనిచేస్తున్నా, నేను చేసిన వీడియో చూస్తున్న మనిషి ముఖాన్ని నేను నిజంగా చూడటం అదే మొదలు. సాయం చేద్దామని వేగం తగ్గించాను.

"నిదానం చెయ్యొద్దన్నా. అది మా నాయన మాట్లాడే తీరు కాదు."

అప్పుడు ఆపి, ఒక్కొక్క బొమ్మనే ముందుకు జరిపి చూశాను. పెదవులు మూసి ఉన్న బొమ్మ ఒకటి ఉంది. ఆ తర్వాత తెరిచీ తెరవని, మూసీ మూయని బురద. అది ఆయన నోరు కాదు. నా కంప్యూటర్ గీసిన నోరు. పెదవులు కలిసి విడిపోయే చోటల్లా అది మధ్యలో ఏదో ఊహించి పూడ్చేసింది. మా అందరికీ నున్నగా కనిపించింది ఆ పూడ్చినదే. అంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకొకటి ఉంది. ఆ రకం టేపులో ఒక్కో బొమ్మా నిజానికి గీత విడిచి గీతగా అల్లిన రెండు సగాలు. రెండూ ఒకదాని తర్వాత ఒకటి తీసినవి. అంటే ఇరవై అయిదు బొమ్మల్లో యాభై క్షణాలు దాగి ఉంటాయి. నాకు తెలియనిది కాదు. చదువుకున్నదే. తొందరలో రెండు సగాలనూ ఒకటిగా నలిపేసి, సగం క్షణాలు పోగొట్టి, ఆ ఖాళీల్లో నా బొమ్మలు పెట్టాను.

మస్తానన్నకు ఇదంతా చెప్పాను. విని, "ఉన్నియి పారేసి లేనియి గీసినావు" అన్నాడు.

"అవునన్నా."

"అసలు ఫైల్ తీ. మళ్లా చేద్దాం."

"చెరిపేశాను."

ఆయన తిడతాడనుకున్నాను. వీసీఆర్ దగ్గరకెళ్లి మూత విప్పాడు. గుడ్డ వేలికి చుట్టుకున్నాడు. తుడవడం అయ్యాక ఆమె ఎదురుగా స్టూలు లాక్కుని, ముఖం వెలుతురులో ఉండేలా కూర్చున్నాడు.

"బిడ్డా, టేపు పాతది, నలిగిపోయినాది. ఇంకోసారి ఏస్తే తెగినా తెగుతాది. తెగితే మళ్లా అతికినా ఆ ముక్క రాదు. నీ ఇష్టం."

ఆమె క్యాసెట్‌ను ఒకసారి తడిమి ఆయన చేతికిచ్చింది. "నాయన బొమ్మ ఫోన్లో ఉంది గదా మామా. మాట కోసం ఏద్దాం."

వేశాం. భోజనాల పంక్తి దగ్గరికి వచ్చేసరికి తెర మీద తెల్లటి గీతలు పాకాయి. వీసీఆర్ లోపల కీచుమంది. మస్తానన్న అరచేయి దాని మీద పెట్టి, పశువును నిమిరినట్టు నిమిరాడు. గీతలు తగ్గాయి. టేపు చివరిదాకా నడిచింది. ఈసారి పలక మీద నేను రాసిన వరుస చాలా చిన్నది. ప్రతి సగాన్నీ ఒక నిండు బొమ్మ చెయ్యి, వేరే ఏమీ చెయ్యకు. సెకనుకు యాభై బొమ్మలు వచ్చాయి. అన్నీ ఆ రోజు మస్తానన్న కెమెరా చూసినవే. నా పాత వీడియో అంత అందంగా లేదు. గరుకుగా, అంచులు కాస్త వణుకుతూ ఉంది.

ఆమె పైకి చదవడం మొదలుపెట్టింది. అందని చోట్ల వదిలేస్తూ, దొరికిన చోట దొరికినంత. "'ఆ వరసలో పప్పు రాలే.' ఏందో అంటన్నాడు, తెలియలే. 'ముసిలాయనకు ముందు ఎయ్యి, ఆయన నమల్లేడు.'" అని గట్టిగా నవ్వేసింది. "మా తాతను అంటన్నాడు." కాసేపటికి ఎదురు పంక్తిలో కూర్చున్న ఒకాయన, కెమెరాకు వీపు పెట్టినవాడు, చెయ్యెత్తి మీసం మెలేస్తూ ఏదో అన్నట్టుంది. చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. వాళ్ల నాయన కూడా నవ్వి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, జవాబు చెప్పాడు.

కాశమ్మ పెదవులు ఆగిపోయాయి. మళ్లీ వెయ్యమని చేత్తో చూపించింది. వేశాను. ఇంకోసారి అంది. వేశాను.

"ఏమన్నాడు బిడ్డా?" అన్నాడు మస్తానన్న. ఆయన తెరవైపు తిరగలేదు. ఆమెనే చూస్తున్నాడు.

"'మొక్కూ లేదు ఏమీ లేదురా' అంటన్నాడు. 'మీసం అడ్డమొస్తే పిల్లకు మాట కనపడట్లే.'"

స్టేషన్లో గూడ్సు బండి ఒకటి వెళ్తున్న అదురు బల్ల మీద తెలుస్తోంది. అది పోయాక మస్తానన్నే మళ్లీ అడిగాడు.

"ఇంకేమన్నాడు?"

"తర్వాత అటు తిరిగినాడు మామా."

ఆమె వెళ్లాక తిట్లు పడతాయని రెండు మూడు రోజులు ఎదురుచూశాను. పడలేదు. ఆ తర్వాతి పెళ్లివాళ్లు చూడటానికి వచ్చినప్పుడు మాత్రం, "నువ్వు కూడా కుర్చీ ఏసుకో" అన్నాడు. వేసుకున్నాను. ఎదుటి మనిషి ముఖంలోకి అంతసేపు చూడటం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. మొదట్లో నాకు చేతకాలేదు. గోడ మీది క్యాలెండర్ వైపు చూపు పారిపోయేది. హైదరాబాదులో నాతో పొసగనివాళ్లలో ఒకరి ముఖమైనా సరిగ్గా గుర్తు తెచ్చుకుందామని ఒకసారి రైల్లో ప్రయత్నించాను. గొంతులు గుర్తొచ్చాయి. ముఖాలు రాలేదు. తప్పు వాళ్లదేనని చెప్పడం అప్పటి నుంచి మానేశాను.

మస్తానన్న పోయి రెండేళ్లవుతోంది. దుకాణంలో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. టేపుల పని నేను మార్కాపురంలో మా ఇంటి ముందుగదిలో చేస్తున్నాను. ఇప్పటికీ ఎక్కడెక్కడి నుంచో పాత టేపులు వస్తాయి. అసలు ఫైళ్లు చెరపను. లేని బొమ్మలు గీసే ఆ ఆదేశాన్ని వాడను. నున్నగా కావాలనేవాళ్లు ఇంకో చోటికి వెళ్తారు. వెళ్లనీ అనుకుంటాను. ఈమధ్య కొందరు ఫోన్లో చూపించి అడుగుతున్నారు, పోయినవాళ్ల ఫోటో ఇస్తే మాట్లాడించే యాప్‌లు వచ్చాయట, మా అమ్మ ఇక్కడ అటు తిరిగి ఏమందో రాబట్టగలరా అని. ఎదురుగా కూర్చుని, రాదమ్మా, అక్కడ ఆమె అటు తిరిగింది అని చెబుతాను. వాళ్ల ముఖం చిన్నబోతుంది. దాన్నీ చూడాలి. చూపు తిప్పుకోకుండా చూడటం కొంచెం కొంచెంగా అలవాటైంది.

బయటివాళ్ల దగ్గర అలవాటైనంతగా ఇంట్లో ఇంకా అలవాటు కాలేదు. పనిలో ఉంటాను. నా కూతురు గుమ్మంలో నిలబడి ఏదో అడుగుతుంది. తెర వైపు చూస్తూనే ఊఁ అంటాను. అన్నాక గుర్తొచ్చి, వెనక్కి తిరిగి, "ఏమన్నావమ్మా, మళ్లీ చెప్పు" అంటాను. ఒక్కోసారి చెబుతుంది. ఒక్కోసారి నేను తిరిగేసరికి గుమ్మంలో ఎవరూ ఉండరు. అప్పుడు లేచి, తను ఏ గదిలో ఉందో వెతుక్కుంటూ వెళ్తాను.